గుట్ట తరఫున ఒక కాయితం

2025 జనవరిలో నాగర్‌కర్నూల్ జిల్లా బల్మూరు మండలం మైలారంలో గుట్ట తవ్వకాలు వద్దంటూ ఊరివాళ్లు రిలే నిరాహార దీక్షలకు కూర్చున్నారు. మద్దతు చెప్పడానికి బయల్దేరిన ప్రొఫెసర్ హరగోపాల్‌ను పోలీసులు వెల్దండ దగ్గరే అదుపులోకి తీసుకోవడంతో ఆ ఊరి పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఆ వార్త చదివినప్పటి నుంచి, ఇక్కడ స్టేషన్ ఘన్‌పూర్‌లో నేను చేసే పని మీదికే ధ్యాస పోతున్నది. క్వారీ వస్తుందని విన్న ఊళ్లకు అభ్యంతర పత్రాలు రాసిపెడుతుంటాను. దీక్ష టెంటు వేయాల్సిన గడియ రాకముందే ఊరి మాట కాయితం మీదికి ఎక్కాలన్నది నా తపన.

కలం తీయగానే అందరూ ఒకటే రాయమంటారు: "మా బతుకులు ఆగమైతయి." నిజమే, అవుతాయి. కానీ ఆ వాక్యాన్ని చదివిన అధికారి పక్కన పెట్టేయగలడు. జవాబు చెప్పక తప్పని వాక్యం కావాలి. అందుకే ముందు గొర్లు కాసేవాళ్లను వెంటబెట్టుకొని గుట్ట ఎక్కుతాను. ఒక పెద్దాయన చేతికర్రతో చూపిస్తూ చెప్పాడు: "సారూ, గీ పడమటి వాలు నీళ్లు కుంటల పడ్తయి. తూర్పు దిక్కుయి చెరువుల కలుస్తయి. నడుమ తవ్విండ్రనుకో, రెంటికీ రావు, గుంతలనే నిలుస్తయి." ఆయన చెప్పిన వరుసలోనే రాశాను. కుంట పేరు, చెరువు పేరు, దాని కింద పారే పొలాలు, బోర్ల లోతు చేర్చాను. బ్లాస్టింగుకు గోడలు బీటలువారే ఇళ్లు ఎంత దూరంలో ఉన్నాయో, బడి ఎంత దూరమో కొలిచి పెట్టాను. దుమ్ము గురించి ఆడవాళ్లే చెప్పాలి. ఆరేసిన మిరపకాయలు, మూత లేని నీళ్ల తొట్టి వాళ్లకే గుర్తుంటాయి.

చట్టంలో మనకు దొరికే చోటు ఇరుకు. 5 హెక్టార్లలోపు, అంటే పన్నెండెకరాల పైచిలుకు లోపలి క్వారీ ఒంటరిగా ఉంటే ప్రజాభిప్రాయ సేకరణ లేకుండానే అనుమతి వస్తుంది. అంత చిన్న లీజుకైనా పర్యావరణ అనుమతి ఉండాల్సిందేనని సుప్రీంకోర్టు దీపక్ కుమార్ కేసులో 2012లో చెప్పింది. ఆ తర్వాత 2016లో మారిన నిబంధనల ప్రకారం, 500 మీటర్లలోపు పక్కపక్కనే ఉన్న లీజులను కలిపి లెక్కగట్టాలి. కాబట్టి చుట్టూ ఇంకెన్ని క్వారీలున్నాయో మొదటి పేజీలోనే రాస్తాను. గూడూరు, బయ్యారం వంటి ఏజెన్సీ మండలాల్లో 1996 నాటి పెసా చట్టం వల్ల లీజుకు ముందే గ్రామసభ గానీ పంచాయతీ గానీ సిఫారసు చేయాలి. మా ఘన్‌పూర్‌కు ఆ రక్షణ లేదు. ఇది నన్ను బాధపెడుతుంది. గుట్ట నీళ్లు తాగే ఊరికి ఆ హక్కు ఎక్కడైనా ఉండాలి కదా.

భూపాలపల్లి జిల్లా రేగొండ మండలంలోని పాండవుల గుట్టకు ఆదిమానవులు గీసిన బొమ్మలున్నాయి, జియలాజికల్ సర్వే ఇచ్చిన భూవారసత్వ స్థలమన్న గుర్తింపూ ఉంది. మామూలు ఊరి గుట్టకు అవేవీ లేవు. దాని విలువకు సాక్ష్యం దాని కింద బతికేవాళ్ల నోటిలోనే ఉంది. ఆ సాక్ష్యం రికార్డు కాకపోతే గుట్ట ఫైలులో ఉత్త సర్వే నంబరుగా మిగిలిపోతుంది.

ప్రజాభిప్రాయ సేకరణ సభ పెడితే మాత్రం ఊరికి కొన్ని హక్కులున్నాయి. 2006 నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు పత్రికా ప్రకటన రావాలి. పర్యావరణ నివేదిక సారాంశం తెలుగులో దొరకాలి. కలెక్టరు గానీ అదనపు కలెక్టరు స్థాయి అధికారి గానీ సభ నడపాలి, అంతా వీడియో తీయాలి. చివర్లో కాలుష్య నియంత్రణ మండలి ప్రతినిధి మినిట్స్‌ను జనం భాషలో చదివి వినిపించాలి. అప్పటికి పొద్దు గూకుతుంటుంది, గొడ్లు ఇంటికొచ్చే వేళని సగం మంది లేస్తారు. ఆ సగాన్ని కూర్చోబెట్టడానికే నేను ఎక్కువ తిప్పలు పడతాను. కుంట పేరు మినిట్స్‌లో వినపడకపోతే, సంతకం పడకముందే లేచి అడగాల్సింది వాళ్లే.