కోల్టర్ స్మారకోపన్యాసాలు: స్మరణయా, సమీక్షయా?

పునరావాసం అనే మాట వినగానే తెలుగువారికి ముందుగా తోచేవి జలాశయాలు. ఆనకట్ట కట్టినందువల్ల ఊరు మునిగిన కుటుంబాలకు మరొక చోట ఇళ్ళు, భూములు చూపడాన్ని ఈ మాటతోనే వ్యవహరిస్తారు. వైద్యంలో దీని అర్థం వేరైనా భావం దగ్గరిదే. పక్షవాతం వచ్చి ఒక చేయి, ఒక కాలు పడిపోయిన మనిషి, ప్రమాదంలో వెన్నెముక విరిగిన కూలివాడు, పోలియో వల్ల కాలు సన్నగిల్లిన బాలిక, వీరి ప్రాణానికి అపాయం తప్పిన తరువాత బ్రతుకు ఎట్లా సాగాలి? తిరిగి నడవడం, తన చేతితో అన్నం కలుపుకొని తినడం, బడికో పనికో వెళ్ళడం ఎట్లా సాధ్యం? ఈ ప్రశ్నలకు సమాధానం వెతికే శాఖయే పునరావాస వైద్యం.

ఈ శాఖలో అమెరికా దేశాన ప్రసిద్ధమైన ఒక గౌరవోపన్యాస పరంపర ఉన్నది. జాన్ స్టాన్లీ కోల్టర్ అనే వైద్యాచార్యుని స్మృతికి అంకితమై 1951లో అది ఆరంభమైనది. అప్పటి నుండి శాఖలో పేరెన్నికగన్నవారిని పిలిచి, వార్షిక సభలో ప్రసంగింపజేయడం ఆచారమైనది. ఒక శాస్త్రం తన పెద్దలను ఏ తీరున స్మరిస్తున్నదో చూస్తే, అది తనను గురించి ఏమనుకొంటున్నదో కూడా తెలుస్తుంది. కనుక ఈ పరంపరను కేవలం సన్మానాల పట్టికగా గాక, ఒక ఆలోచనా చరిత్రగా పరిశీలించడం ఉచితం.

పేరులో ఉన్న చరిత్ర

కోల్టర్ 1885లో జన్మించి 1949లో మరణించినాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో సైనిక వైద్యుడుగా పనిచేసినాడు. 1926లో చికాగోలోని నార్త్ వెస్టర్న్ విశ్వవిద్యాలయపు వైద్య కళాశాలలో చేరి, భౌతిక చికిత్సకే పూర్తికాలాన్ని వినియోగించిన తొలి ఆచార్యుడుగా పేరు పొందినాడు. ఆ రోజులలో భౌతిక చికిత్స అనగా వేడి, వెలుతురు, నీరు, విద్యుత్తు, మర్దనం, వ్యాయామం. ఈ సాధనాలు కొంత వైద్యుల చేతిలో ఉండేవి. కొంత, సర్వరోగాలూ పోతాయని చెప్పి విద్యుత్తు పెట్టెలు అమ్మేవారి చేతిలో ఉండేవి. విశ్వవిద్యాలయంలో ఆచార్యపదవి ఏర్పడినందువల్ల ఈ చికిత్సకు పాఠము, పరీక్ష, లిఖితపూర్వకమైన లెక్క వచ్చినవి. కోల్టర్‌కు చరిత్రయందు కూడా ఆసక్తి మెండు. భౌతిక చికిత్స చరిత్రను గురించి 1932లో ఆయన ఒక చిన్న పుస్తకం ప్రచురించినాడు. అట్టివానికి విగ్రహం కంటె ఉపన్యాసమే తగిన స్మారకమని చెప్పవచ్చు.

ఈ ఉపన్యాసాన్ని నిర్వహించే సంస్థ కథ మరింత ఆలోచింపదగినది. 1923లో స్థాపితమైనప్పుడు దాని పేరులో రేడియాలజీ, ఫిజియోథెరపీ అనే రెండు మాటలు ఉన్నవి. ఎక్స్-రే యంత్రము, వేడి దీపము ఒకే గొడుగు క్రింద ఉండడం నేటి విద్యార్థికి వింతగా తోచవచ్చు. ఆనాడు రెండింటికీ విద్యుత్తే ఆధారం కనుక ఆ పొత్తు కుదిరినది. తరువాత పేరు పలుమార్లు మారి, 1966లో అది ‘అమెరికన్ కాంగ్రెస్ ఆఫ్ రిహాబిలిటేషన్ మెడిసిన్’ అయినది. మొదటి పేరు సాధనాన్ని చెప్పినది. చివరి పేరు గమ్యాన్ని చెబుతున్నది. కంటి వైద్యానికి కన్ను, గుండె వైద్యానికి గుండె హద్దు. పునరావాస వైద్యానికి అట్టి ఒక్క అవయవం లేదు. కండరము, నాడి, మెదడు, మనస్సు, చివరకు ఇంటి గడప ఎత్తు కూడా దాని పరిధిలోనివే. ఇంత విశాలమైన విద్యకు ఒక మూలసూత్రం ఉన్నదా? కోల్టర్ ఉపన్యాస పరంపరను అంచనా వేయడానికి ఈ ప్రశ్నయే సరియైన గీటురాయి.

గౌరవోపన్యాసపు బలమూ బలహీనతా

గౌరవోపన్యాసానికి ఒక స్వేచ్ఛ ఉన్నది. పరిశోధన పత్రంలో ప్రతి వాక్యానికీ కొలతలు చూపాలి; ఇక్కడ వక్త దూరదృష్టితో శాఖ మొత్తాన్ని చూడవచ్చు. అదే దాని ప్రమాదం కూడా. సభలో ఉన్నవారంతా ఒకే వృత్తివారు. వక్త వారిలో పెద్ద. సందర్భం ఒక పూజ్యుని స్మరణ. ఇట్టి చోట ఆత్మప్రశంస సులభంగా ప్రవేశిస్తుంది.

ఈ సంస్థకు సోదరి వంటి మరొక సంస్థ, వాల్టర్ జైటర్ పేర ఇట్టి ఉపన్యాసాన్నే ఏర్పరచినది. అందులో ఫ్రాంక్ క్రూసెన్ ప్రసంగం 1969లో అచ్చయినది. గడచిన నలభై సంవత్సరాలలో తమ శాఖ పొందిన చారిత్రక వికాసమే దాని విషయం. ఆ కథ చెప్పడానికి క్రూసెన్ కంటె అర్హుడు దొరకడు. ఆయన యువకుడుగా ఉండగా క్షయ సోకి శానటోరియంలో ఉండవలసి వచ్చినది. ఎక్కువ కాలం పడక మీదనే ఉన్న రోగుల శరీరాలు ఎట్లా శక్తి ఉడిగిపోతాయో అక్కడ కండ్లారా చూసినాడు. తరువాత మేయో క్లినిక్‌లో ఈ చికిత్సా విభాగాన్ని పెంపొందించి, 1941లో ఒక ప్రామాణిక గ్రంథం వ్రాసినాడు. 1947లో అమెరికాలో ఈ శాఖకు ప్రత్యేక అర్హతా మండలి ఏర్పడడంలోనూ ఆయన ముఖ్యుడు.

ఇట్టివాని సాక్ష్యం అమూల్యం. అయినా చరిత్ర చెప్పే ఉపన్యాసానికి సహజమైన లోటు ఒకటి ఉన్నది. అందులో విజయాలు వరుసగా నిలుస్తాయి. ఆ విజయాలకు కారణం చికిత్సయా, కాలమా అని అడగడానికి అక్కడ చోటు తక్కువ. పక్షవాతం వచ్చినవారిలో చాలామందికి మొదటి మూడు నెలలలో చికిత్స లేకున్నా కొంత మెరుగు కనబడుతుంది. ఆ కాలంలోనే చికిత్స జరిగితే ఫలితమంతా చికిత్స ఖాతాలో పడుతుంది. వాన వెలిసే వేళకు గొడుగు విప్పి, వానను గొడుగే ఆపినదని చెప్పినట్లు అవుతుంది.

57వ ఉపన్యాసం

ఈ లోటును ఎదుర్కొన్నందువల్లనే కోల్టర్ పరంపరలో 57వ ఉపన్యాసం ప్రత్యేకంగా పేర్కొనదగినది. దానిని ఇచ్చినవాడు జాన్ వైట్ అనే వైద్య పరిశోధకుడు. అది 2008లో ప్రచురితమైనది. పునరావాసానికంతటికీ ఒకే మహాసిద్ధాంతం అని శీర్షిక పెట్టి, ‘ఉంటే ఎంత బాగుండును!’ అనే అర్థం వచ్చే మాటను పక్కనే కుండలీకరణంలో చేర్చినాడు. భౌతిక శాస్త్రజ్ఞులు ప్రకృతి బలాలన్నిటినీ ఒకే సూత్రంలో ఇమడ్చాలని చేసే ప్రయత్నాన్ని ఆ శీర్షిక గుర్తుచేస్తుంది. అట్టి సూత్రం ఈ విద్యకు దొరకదన్న ఒప్పుకోలు ఆ చమత్కారంలోనే ఉన్నది. సన్మాన వేదిక మీద నిలిచి తమ శాఖకు సిద్ధాంతబలం చాలదని చెప్పడానికి ధైర్యం కావాలి.

ఈ ఆలోచనను ఆయన 2014లో మరొక వ్యాసంలో ఇంకా విడమరచినాడు. దాని సారాన్ని ఒక ఉదాహరణతో గ్రహించవచ్చు. పక్షవాతం వచ్చిన ఒక రైతుకు కాలి కండరాలకు వ్యాయామం చేయించినారు. ఆ వ్యాయామం కండరాన్ని ఎట్లా బలపరుస్తుంది? ఇది మొదటి ప్రశ్న. కండరం బలపడితే ఆయన మెట్లు ఎక్కగలడా? మెట్లు ఎక్కగలిగితే తిరిగి చేనికి వెళ్ళగలడా? ఇది రెండవ ప్రశ్న. మొదటిది చికిత్స పనిచేసే తీరును వివరించే సిద్ధాంతానికి చెందినది. రెండవది, ఒక మెట్టున కలిగిన మార్పు పై మెట్టులకు ఎట్లా ప్రాకుతుందో చెప్పే సిద్ధాంతానికి చెందినది. ఈ రెండింటినీ కలగలిపినందువల్ల కలిగే గందరగోళం చిన్నది కాదు. కండరం బలపడినా రైతు చేనికి పోలేకపోవచ్చు; అంతమాత్రాన వ్యాయామం వ్యర్థమని తీర్మానించరాదు. అట్లే, చేతికర్ర ఇచ్చినందువల్ల చేనికి పోతే, కండరం బాగుపడినదని చెప్పరాదు.

మందు విషయంలో ఇట్టి చిక్కు తక్కువ. మాత్రలో ఏ పదార్థం ఎన్ని మిల్లీగ్రాములు ఉన్నదో పెట్టె మీద అచ్చు వేసి ఉంటుంది. ‘ఫిజియోథెరపీ, 45 నిముషాలు’ అని చీటీలో వ్రాస్తే, ఆ నిముషాలలో ఏమి జరిగినదో ఎవరికి తెలుసు? లోపలి దినుసు తెలియని చికిత్సను మరొక ఊరిలో అట్లే చేయడం సాధ్యం కాదు. సరిగా పరీక్షించడమూ సాధ్యం కాదు.

మూడు పరీక్షలు

సిద్ధాంతం గురించిన ఈ చర్చ పండితుల వినోదం కాదని మూడు పరిశోధనలు రుజువు చేస్తాయి. ఇవి ఆ ఉపన్యాసం వల్ల జరిగినవి కావు. కాని దాని ప్రశ్నకు మంచి ఉదాహరణలు.

మొదటిది 2006లో ప్రచురితమైనది. పక్షవాతం వచ్చి మూడు నుండి తొమ్మిది నెలలైన 222 మంది అందులో పాల్గొన్నారు. ఒక వర్గంవారు మంచి చేతికి తొడుగు వేసుకొని, పడిపోయిన చేతితోనే రెండు వారాలపాటు తీవ్రంగా అభ్యాసం చేసినారు. పడిపోయిన చేతిని వాడకపోవడమే ఒక అలవాటుగా స్థిరపడుతుందని, ఆ అలవాటును విరిస్తే చేయి తిరిగి పనిలోకి వస్తుందని దీని వెనుక ఉన్న సిద్ధాంతం. కోతుల మీద జరిపిన ప్రయోగాల నుండి అది పుట్టినది. ఇక్కడ ఫలితం అనుకూలంగా వచ్చినది. మెరుగుదల ఏడాది తరువాత కూడా నిలిచినది.

రెండవది 2011 నాటిది. పాల్గొన్నవారు 408 మంది. శరీరపు బరువులో కొంత పట్టీలు మోస్తుండగా, కదిలే పట్టా మీద నడిపించే ఖరీదైన శిక్షణను, ఇంటివద్ద చేయించే వ్యాయామంతో పోల్చినారు. ఏడాది చివర 52 శాతం మందికి నడక మెరుగైనది. కాని వర్గాల మధ్య తేడా కనబడలేదు. యంత్రం ఘనతను బట్టి చికిత్స ఘనతను నిర్ణయించరాదని దీనివల్ల తేలినది.

మూడవది 2015లో వెలువడినది. పక్షవాతం వచ్చిన 24 గంటలలోపే రోగిని లేపి, తరచుగా, ఎక్కువగా కదిలిస్తే మేలని వైద్యులు చాలామంది నమ్మేవారు. 2,104 మంది మీద పరీక్షించగా, అట్లా చేసినవారిలో 46 శాతానికి, మామూలు పద్ధతిలో చికిత్స పొందినవారిలో 50 శాతానికి మూడు నెలల తరువాత మంచి ఫలితం కలిగినది. పడకలో ఉంటే శక్తి ఉడుగుతుందన్న క్రూసెన్ తరంవారి పాఠం అబద్ధం కాలేదు. కాని ఎప్పుడు, ఎంత మోతాదు అన్న ప్రశ్న లేకుండా ఆ పాఠాన్ని అమలు జరిపితే కీడు కూడా కలుగవచ్చునని స్పష్టమైనది.

పరంపర విలువ

ఇప్పుడు తీర్పు చెప్పవచ్చు. స్మారకోపన్యాసాలు రెండు పనులు చేయగలవు. ఒకటి, నడిచి వచ్చిన దారిని చూపడం. ఇది అవసరమే, కోల్టర్, క్రూసెన్ వంటివారి శ్రమ తెలియనివారికి ఈ వైద్యం నిన్న మొన్న పుట్టినట్లు తోస్తుంది. రెండవది, దారిలో ఎక్కడ గుంటలు ఉన్నవో చూపడం. మొదటి పనితోనే ఆగిన ఉపన్యాసం ఆ సభతోనే ముగుస్తుంది. రెండవ పని చేసిన ఉపన్యాసం సభ ముగిసిన తరువాత కూడా పరిశోధకుల బల్ల మీద మిగులుతుంది.

ఈ ప్రక్రియలో మరొక కొరత కూడా ఉన్నది. ఉపన్యాసం అనగా ఒకరు చెప్పడం, పలువురు వినడం. చెప్పేవారు నిపుణులు; వినేవారూ నిపుణులే. ఎవరి నడక గురించి ఈ చర్చ అంతా జరుగుతున్నదో ఆ మనిషి వేదిక మీద ఉండడం అరుదు. కండరానికి ఎంత బలం వచ్చినదో నిపుణుడు కొలవగలడు. చేనికి పోవడం ముఖ్యమా, మనుమరాలి పెండ్లికి పోవడం ముఖ్యమా అన్నది ఆ రైతే చెప్పాలి. గమ్యం పేరున వెలసిన శాస్త్రం, ఆ గమ్యాన్ని నిర్ణయించవలసినవారిని కూడా వినవలసి ఉన్నది.

విజ్ఞాన శాస్త్రం బోధించే ఉపాధ్యాయులకు ఈ పరంపర ఒక చక్కని పాఠాన్ని అందిస్తున్నది. ‘చికిత్స చేసినారు, రోగి మెరుగైనాడు’ అనే వాక్యాన్ని నల్లబల్ల మీద వ్రాసి, మెరుగుదలకు ఎన్ని కారణాలు ఉండవచ్చునో విద్యార్థులచేత చెప్పించవచ్చు. కాలం గడవడం, మంచి తిండి, కుటుంబ సభ్యుల ఆదరణ, వ్యాయామం అని వారే ఒక్కొక్కటిగా చెబుతారు. వీటిలో ఏది ఎంతో తేల్చడానికి రెండు వర్గాలను పోల్చక తప్పదని అప్పుడు వారికే బోధపడుతుంది. వేడి దీపాన్ని అంగడి నుండి కళాశాలకు తెచ్చిన కోల్టర్ కోరినదీ ఇట్టి పరీక్షనే. ఆయన పేర ఇచ్చే ఉపన్యాసాలలో ఆయనకు నిజమైన గౌరవం చేసినవి ఆ పరీక్షను తమ శాఖకే పెట్టినవి.