బండ పరిచిన చేయి

అవుకు, బేతంచెర్ల వైపు నేల తవ్వితే నాపరాయి పొరలు పొరలుగా లేస్తుంది. దాన్ని ఇంట్లో పరిచే మేస్త్రీని మాత్రం గృహప్రవేశం నాటికే మరిచిపోతాం. మా వీధి మేస్త్రీ ఆ లెక్కలోకి రాడు.

బండ దించాక సుత్తి పిడితో నాలుగు మూలలా తట్టి, చెవి ఒగ్గి వినేవాడు. బోలుగా మోగిందా, కింద మాలు అందనట్టే. లేపి, సర్ది, మళ్లీ దించేవాడు. జాలాట్లో వాలు చూడ్డానికి మట్టం కన్నా చెంబెడు నీళ్లనే నమ్మేవాడు.

లేనోళ్ల ఇంట్లో కూలి అడిగేవాడు కాదు. దానమంటే ఈ సీమలో 1866 కరువులో వేలమంది ఆకలి తీర్చిన ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి పేరే చెబుతారు. మేస్త్రీకి అంత ఆస్తి ఎక్కడిది? టీ అంగట్లో పదిమంది బాకీ మాత్రం ఇతని పద్దులోనే ఉండేది.

"మీ అన్నకు ఊరంతా చుట్టాలే, ఇంటికొచ్చేది ఒక్కటే కష్టం" అని వదిన విసుక్కునేది, ఆయన పళ్లెం మూతపెట్టి ఉంచుతూనే.

మేస్త్రీ పోయాక, కర్మనాడు వచ్చినవాళ్లలో సగంమందిని ఆమె ఎన్నడూ చూడలేదట. వండింది చాలక మధ్యాహ్నం మళ్లీ ఎసరు పెట్టారు.