మార్కప్ గ్రంథ నాణ్యత: దాశరథీ శతకం గీటురాయిగా ఒక పరిశీలన

సాంకేతిక గ్రంథం నాణ్యతను అది వివరించే నియమాల సంఖ్యను బట్టి కాక, ఎంచుకున్న ఉదాహరణలను బట్టి నిర్ణయించడం సమంజసం. సమాచార నిర్మాణాన్ని ట్యాగులతో సూచించే ఎక్స్‌ఎంఎల్‌ను వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 1998లో ప్రమాణంగా ప్రకటించింది. దీనిని బోధించే గ్రంథాల్లో ధరల పట్టికలు, చిరునామాలు తరచుగా ఉదాహరణలవుతాయి. ప్రాచీన కావ్యాన్ని డిజిటల్ పాఠంగా పరిష్కరించే పరిశోధకునికి ఇవి చాలవు.

హెరాల్డ్, మీన్స్ రచించిన 'ఎక్స్‌ఎంఎల్ ఇన్ ఎ నట్‌షెల్' (మూడవ కూర్పు, 2004) ఈ దృష్టితో గమనించదగినది. కథన స్వభావం గల పాఠాలను, నమోదు స్వభావం గల సమాచారాన్ని ఈ గ్రంథం వేర్వేరు భాగాలుగా చర్చించింది. అలన్ ట్యూరింగ్ జీవిత విశేషాలు చెప్పే వాక్యాల నడుమ ట్యాగులు చేర్చి, పాఠమూ మూలకాలూ కలగలిసే తీరును చూపింది. ఇది దాని ప్రధాన బలం.

అయితే భద్రాచల రామదాసు దాశరథీ శతకాన్ని గీటురాయిగా తీసుకుంటే మరొక అవసరం వెల్లడవుతుంది. తొలి ఉత్పలమాలలో 'శృంగార' శబ్దం మొదటి పాదాంతాన 'శృం' వద్ద విరిగి, 'గార'తో రెండవ పాదం మొదలవుతుంది. పాదానికొక ట్యాగు, పదానికొక ట్యాగు వేస్తే అవి పరస్పరం సరిహద్దులు దాటుతాయి. ఒక మూలకం మరొకదానిలో పూర్తిగా ఇమడాలన్న ఎక్స్‌ఎంఎల్ నియమం దీనిని అంగీకరించదు. పాదారంభాన్ని ఖాళీ మూలకంతో సూచించడం ఒక మార్గం. పదఖండాలను వేరుగా గుర్తించి, గుణాల ద్వారా అనుసంధించడం మరొకటి. టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఇనిషియేటివ్ మార్గదర్శకాలు ఇటువంటి చిక్కులకు ఒక అధ్యాయాన్నే కేటాయించాయి.

సంధి ఇంకా సూక్ష్మమైన సమస్య. 'రాముడు + అని' అన్నది 'రాముడని' అయినప్పుడు రెండవ పదపు తొలి అచ్చు 'డ'లో లీనమవుతుంది. యూనికోడ్‌లో హల్లులోని అకారానికి ప్రత్యేక సంకేతం లేదు. కనుక రెండవ పదం మొదలైన చోట ట్యాగు ఉంచే అవకాశమే లేదు. విడదీసిన రూపాన్ని గుణంగా నమోదు చేయవలసి ఉంటుంది.

ఈ నిర్ణయాలు కేవలం సాంకేతికాలు కావు; పాఠ పరిష్కరణలో భాగాలు. పాదాన్ని మాత్రమే గుర్తించిన ప్రతి నుంచి పదసూచిక తయారు చేస్తే 'శృం', 'గార' రెండు పదాలుగా చేరతాయి. పదాన్ని మాత్రమే గుర్తిస్తే యతిప్రాసల పరిశీలనకు ఆధారం పోతుంది. ఒకరి లోపం ఆ ప్రతిపై ఆధారపడిన పరిశోధనలన్నింటికీ సంక్రమిస్తుంది.

హెరాల్డ్, మీన్స్ గ్రంథం పునాదికి సమర్థమైనదే. తెలుగు శాఖలు దానిని గాని, మరొక గ్రంథాన్ని గాని పాఠ్యంగా స్వీకరించే ముందు, అది నేర్పిన పద్ధతిలో ఒక వృత్తపద్యాన్ని గుర్తించి చూడాలి. పాదమూ పదమూ రెండూ చెక్కుచెదరకుండా నిలిస్తేనే ఆ గ్రంథం తెలుగు పరిశోధనకు అక్కరకు వస్తుంది.