సందేహానికీ ఒక భాష కావాలి

స్వాతి వారపత్రికలో డాక్టర్ జి. సమరం ఏళ్ల తరబడి నడిపిన ప్రశ్నోత్తరాల శీర్షికను ఎవరూ సాహిత్యం కింద జమకట్టలేదు. పెద్దలు ఆ పేజీ తిప్పేసేవారు, పిల్లలు చాటుగా చదివేవారు. నా దృష్టిలో మాత్రం ఆధునిక తెలుగు వచనం చేసిన మంచి పనుల్లో అదొకటి.

ఈ విషయాలకు మనకున్న పాత మాటల్లోనే తీర్పు దాగి ఉంది. “సుఖవ్యాధి” అనగానే రోగి తప్పుచేశాడని ముందే తేల్చినట్టు. “గుప్తరోగం” అంటే డాక్టరుకైనా చెప్పుకోరానిదని అర్థం. హస్తప్రయోగంవల్ల “నరాల బలహీనత” వస్తుందని గోడలమీది ప్రకటనలు కుర్రవాళ్లను భయపెట్టి డబ్బు గుంజాయి. అది ఒట్టి అపోహ అని సమరంగారు వాడుక తెలుగులో, వెక్కిరింపు లేకుండా చెప్పారు. అడిగినవాణ్ణి చిన్నబుచ్చని ఆ గొంతే ఆ రచనకు బలం.

అయితే ప్రశ్నోత్తరాల పద్ధతికి ఒక హద్దుంది. ఉత్తరం రాయగలిగినవారికే జవాబు దొరుకుతుంది. తనకు జరిగినదాన్ని ఏమనాలో తెలియని ఆడపిల్ల ఏమని రాస్తుంది? స్త్రీశక్తి సంఘటన కృషితో వచ్చిన ‘సవాలక్ష సందేహాలు’ ఇక్కడే ఒక అడుగు ముందుకు వేసింది. స్త్రీల ఆరోగ్యాన్ని స్త్రీలే కలిసి కూర్చుని మాట్లాడుకుంటే ఒంటరి సందేహం అందరి సందేహమవుతుందని ఆ పుస్తకం చూపింది.

రాష్ట్రేతరాంధ్రులమైన మనకు ఇబ్బంది ఇంకొకటుంది. మన పిల్లలు చాలామంది కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, ఇంగ్లీషులోనో చదువుతారు. బడిలోనైనా ఈ సంగతులు నేర్పుతారా అంటే, కౌమార విద్యా కార్యక్రమాన్ని 2007లో కర్ణాటక, మహారాష్ట్ర సహా కొన్ని రాష్ట్రాలు వద్దన్నాయి. ఇంట్లో తెలుగు వంటకీ, పూజకీ, పెళ్లిమాటలకీ పనికొస్తుంది. పిల్ల పెద్దమనిషి అయితే బంతి భోజనాలు పెడతాం. విస్తళ్లు ఎత్తేశాక ఆ పిల్లతో మాట్లాడటానికి మాత్రం మాట దొరకదు.

పై రచనలు మన పిల్లలకు అందకపోవడానికి సిగ్గొక్కటే కారణం కాదు, లిపి కూడా. కాబట్టి వాటిని చదవవలసింది మనం, చెప్పవలసింది నోటితో. రజస్వల అయిన మొదటి ఒకటి రెండేళ్లు నెలసరి క్రమం తప్పడం చాలామందిలో మామూలే. ఇష్టంలేకుండా ఒంటిమీద చెయ్యి వేసింది అయినవాడైనా సరే, వద్దనవచ్చు, వచ్చి మాతో చెప్పవచ్చు. ఈ రెండు ముక్కలూ తెలుగులో చెప్పడానికి అక్షరాలు రానక్కరలేదు. విన్నాక కసురుకోకుండా ఉంటే చాలు.