ప్రెస్‌మీట్ తర్వాత

క్రైమ్ బీట్‌లో సగం పని ప్రెస్‌మీట్‌తోనే అయిపోతుంది. బల్ల మీద రికవరీ చేసిన నగలు, సెల్‌ఫోన్లు. కుర్చీల్లో అధికారులు. వెనకాల ముసుగులేసి నిలబెట్టిన నిందితులు. చేతికందే ప్రెస్‌నోట్‌లో ఎవరు రెక్కీ చేశారో, ఎవరు ముందు గోడ దూకారో కళ్లారా చూసినట్టే ఉంటుంది. చివర్లో ‘విచారణలో నేరం అంగీకరించారు’ అని ఉంటుంది. తెల్లారి జిల్లా పేజీలో హెడ్డింగ్ అదే.

పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలుతో నిందితుడి నేరం రుజువు చేయకూడదని 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్‌లోనే ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో అది 23వ సెక్షన్. లాకప్‌లో ఒప్పుకోలు ఎలా వస్తుందో తెలుసు కాబట్టే ఆ నిషేధం. జడ్జి లెక్కలోకి తీసుకోని మాటను మనం ఊరంతా చాటుతున్నాం.

2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఓ హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని అత్యాచారానికీ హత్యకూ గురైంది. మరుసటి ఏడాది పోలీసులు ఒక యువకుణ్ని పట్టుకుని కేసు తేలిపోయిందన్నారు. అసలు దోషి ఇతను కాదని ఆ అమ్మాయి తల్లిదండ్రులే మొత్తుకున్నారు. 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషిగా తేల్చేసరికి అతని ఎనిమిదేళ్లు జైల్లో పోయాయి. కన్నబిడ్డను పోగొట్టుకున్నవాళ్ల మాట కన్నా ప్రెస్‌నోట్ మనకెందుకు బరువైందో నాకిప్పటికీ మింగుడుపడదు.

2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర, ఓ పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితులు ఎదురుకాల్పుల్లో చనిపోయారన్నప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు. చంపాలనే కాల్చారని జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ తేల్చింది. ఆ నివేదిక బయటికొచ్చింది 2022లో.

కొత్తగా బీట్‌లోకొచ్చే పిల్లలకు నేను చెప్పేది ఒకటే. అరెస్టు వార్త రాసిన ప్రతిసారీ ఎఫ్‌ఐఆర్ నంబరు, స్టేషన్ పేరు నోట్‌బుక్కులో రాసుకోండి. ఈ-కోర్ట్స్ సైట్లో ఆ నంబరు కొడితే కేసు ఏ కోర్టులో ఉందో, వాయిదా ఎప్పుడో కనిపిస్తుంది. కొట్టేసిన కేసైతే, అరెస్టు వార్త వచ్చిన పేజీలోనే, అంతే సైజులో వేయమని డెస్క్‌తో పోట్లాడండి.