ఉపగ్రహ మేఘచిత్రములు: చేతికందినవి, చదువరాని​వి

వాతావరణ ఉపగ్రహములు పంపు చిత్రములు నేడు ఇంటర్నెట్ గల ప్రతి పాఠశాలకును అందుబాటులో నున్నవి. 2016 సెప్టెంబరు 8న ఇన్సాట్-3డిఆర్, 2024 ఫిబ్రవరి 17న ఇన్సాట్-3డిఎస్ శ్రీహరికోటనుండి ప్రయోగింపబడినవి. ఈ తరగతి ఉపగ్రహములు సుమారు 36,000 కి.మీ. ఎత్తుననుండి అరగంటకొకమారు భూమిని చిత్రించును. ఆ చిత్రములను మనకందించు వెబ్‌సైట్లు ముఖ్యముగా రెండు: భారత వాతావరణ శాఖవారి ‘ర్యాపిడ్’, అహమ్మదాబాదునందలి ఇస్రో కేంద్రమువారి ‘మోస్డాక్’. ఇవి విద్యార్థి కెంతవరకు ఉపకరించునో పరిశీలింతము.

ర్యాపిడ్ గుణము సౌలభ్యము. వరుస చిత్రములను కదిలించి మేఘముల నడకను చూడవచ్చును. కోరిన చోట మేఘశిఖరపు ఉష్ణోగ్రతను అంకెలలో చదువవచ్చును. తుక్కుగూడపై అది సున్నకు 70 డిగ్రీలు దిగువనున్నచో, ఆ మేఘము చాల ఎత్తునకు పెరిగినదన్నమాట. మోస్డాక్ మూల దత్తాంశమునే ఇచ్చును. అందుకు పేరు నమోదు చేసికొనవలెను. అయితే ఆ హెచ్‌డిఎఫ్-5 ఫైళ్లు మామూలు బొమ్మలవలె తెరచుకొనవు. పైథాన్ వంటి కంప్యూటరు భాష కొంత తెలిసినవారికే అవి లొంగును.

లోపమెక్కడ? చిత్రము లభించును గాని, చదువు విధము తెలుగున లభింపదు. చిత్రముపైనుండు కాలము గ్రీన్విచ్ లెక్క. 9 గంటలని యున్నచో మనకు మధ్యాహ్నము రెండున్నర. ఇది తెలియని బాలుడు సాయంకాలపు వానకు ఉదయపు మేఘమును కారణముగా చూపును. దృశ్యకాంతి చిత్రము రాత్రి నల్లబడును. అది నిర్మలాకాశము కాదు. పరారుణ చిత్రమున చల్లనిదెల్ల వాన మేఘమును కాదు. ఎత్తైన పలుచని మబ్బు చల్లగానుండియు చినుకు రాల్చకపోవచ్చును.

మరియొక సూక్ష్మము కలదు. ఉపగ్రహము భూమధ్యరేఖ మీదినుండి మనలను ఏటవాలుగా చూచును. అందువలన తుక్కుగూడపై 15 కి.మీ. ఎత్తు లేచిన మేఘశిఖరము పటముపై సుమారు 5, 6 కి.మీ. ఉత్తరముగా కనబడును. పరారుణ చిత్రపు చుక్క సుమారు 4 కి.మీ. మాత్రమే గనుక ఈ తేడా ఉపేక్షింపదగినది కాదు.

ఇదంతయు పండితుల గొడవ యనరాదు. 2020 అక్టోబరు 13 ఉదయము కాకినాడ సమీపమున తీరము దాటిన తీవ్ర వాయుగుండము తెలంగాణముపై సాగినది. ఘట్‌కేసర్‌లో 32 సెం.మీ. వాన కురిసినది. శంషాబాదు దారిలోని గగన్‌పహాడ్ వద్ద అప్ప చెరువు తెగి, నీరు బెంగుళూరు రహదారిపై పొంగి ప్రాణములు తీసినది. అట్టి మేఘరాశి రాకను ఉపగ్రహచిత్రము ముందుగా చూపగలదు. ఏ చెరువులోనికెంత నీరు చేరునో అది చెప్పజాలదు. అందుకు వర్షమాపకములు, రాడారు, చెరువుకట్టపై మనుష్యుడు కావలెను. చిత్రమును నమ్మవలసినంతయే నమ్ముట నేర్పుటయే అసలు పాఠము.

తుక్కుగూడ ప్రాంతపు ఉపాధ్యాయులకు చక్కని సదుపాయమొకటి కలదు. పొరుగుననున్న శంషాబాదు విమానాశ్రయపు వాతావరణ నివేదిక అరగంటకొకమారు వెలువడును. విద్యార్థులు ఒక నెల దానిని, మేఘచిత్రమును, బడి ఆవరణలోని వర్షమాపకపు కొలతను ఒకే పుస్తకమున వ్రాసి పోల్చవలెను. మూడును ఏకీభవింపని దినములే ఎక్కువ నేర్పును.

దత్తాంశమును ప్రజలకిచ్చుట ప్రశంసనీయమే. ప్రతి చిత్రము ప్రక్కన భారత కాలము, రంగుల అర్థము, నాలుగు తెలుగు వాక్యములు చేర్చుట ఆ శాఖలకు భారము కాదు. అంతవరకు ఆ పని ఉపాధ్యాయుని నల్లబల్లమీదనే జరుగవలెను.