సమ్మోహనంలో శక్తి ఎవరిది?

హిప్నోథెరపీ నేర్చుకుని కొత్తగా గది తెరిచినవారికి మొట్టమొదట ఎదురయ్యేది జబ్బు కాదు, అపోహ. కుర్చీలో వచ్చి కూర్చున్న మనిషి మనసులో అప్పటికే ఒక హిప్నాటిస్టు ఉంటాడు. సినిమాలో లోలకం ఊపినవాడో, స్టేజీ మీదికి పిలిచిన కుర్రాడి చేత కోడిలా కూయించినవాడో అయి ఉంటాడు. మన దగ్గర వశీకరణం, చేతబడి లాంటి భయాలు కూడా వీటికి తోడవుతాయి. 'నా రహస్యాలన్నీ చెప్పించేస్తారా?', 'మళ్లీ మెలకువ రాకపోతే?' అని కొందరు జంకుతారు. 'నేను ఎవరికీ లొంగే రకం కాదు, కానివ్వండి చూద్దాం' అని మరికొందరు సవాలు చేస్తారు. పదేళ్ల సిగరెట్టు అలవాటును ఒక్క పూటలో మాన్పించేయమని అడిగేవారూ ఉంటారు. భయపడేవారికీ, సవాలు చేసేవారికీ, అద్భుతం కోరేవారికీ ఉన్న నమ్మకం ఒకటే: శక్తంతా ఎదుట కూర్చున్న చికిత్సకుడిదని. కొత్త చికిత్సకుడి లోపలా ఎక్కడో అదే నమ్మకం దాగి ఉంటుంది. అసలు చిక్కు అక్కడే ఉంది.

ఈ విద్యకు రెండున్నర శతాబ్దాల చరిత్ర ఉంది. ఆ చరిత్రంతా ఆ నమ్మకాన్ని కొంచెం కొంచెంగా వదిలించుకోవడమే. 18వ శతాబ్దంలో వియన్నా వైద్యుడు మెస్మర్ తన నుంచి రోగిలోకి కంటికి కనిపించని అయస్కాంత ద్రవం ప్రవహిస్తుందన్నాడు. ఆయన పారిస్ చేరాక అక్కడి జనం ఆయన కోసం ఎగబడ్డారు. 1784లో ఫ్రాన్సు రాజు వేసిన సంఘంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్, లవోయిజర్ వంటివారు ఉన్నారు. వారు పరీక్షలు చేసి అలాంటి ద్రవమేదీ లేదని, కనిపించిన ఫలితాలకు మూలం ఊహాశక్తేనని తేల్చారు.

మెస్మర్ పరువు అక్కడితో పోయింది. అయితే ఊహకు అంత బలముంటే దాన్నే మందుగా ఎందుకు వాడకూడదన్న ప్రశ్న మిగిలింది. దానికి బాట వేసినవారిలో మన గోవా మనిషి ఒకరు. 1756లో కాండోలిమ్‌లో పుట్టిన అబ్బే ఫారియా 1813లో పారిస్‌లో బహిరంగంగా పాఠాలు మొదలుపెట్టారు. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని నిద్ర మీదే ధ్యాస పెట్టమని చెప్పి, కాసేపయ్యాక గట్టిగా 'నిద్రపో' అనేవారు. తన చేతుల్లో ఏ శక్తీ లేదని, ఆ నిద్రకు కారణం నిద్రపోయేవారిలోనే ఉందని వాదించారు. ఆయన్ను వెక్కిరిస్తూ పారిస్‌లో ప్రహసనం కూడా ఆడారు. 1819లో ఆయన కన్నుమూశారు. పణజిలో మాండవి నది దగ్గర ఉన్న ఆయన విగ్రహం ఒక స్త్రీ మీదికి చేతులు చాచి నిలబడి ఉంటుంది. చూసినవారికి శక్తి ఆ చేతుల్లోంచే వస్తోందనిపిస్తుంది. ఆయన చెప్పింది మాత్రం అది కాదు. కొత్తగా ఈ వృత్తిలోకి వచ్చినవారు ఈ తేడా ఒక్కటి మనసుకు పట్టించుకుంటే సగం దారి నడిచినట్టే.

మాంచెస్టర్‌లో ఉన్న స్కాటిష్ శస్త్రవైద్యుడు జేమ్స్ బ్రెయిడ్ 1840లలో మరో అడుగు వేశాడు. తన శస్త్రపరికరాల పెట్టెను రోగి కళ్లకు కాస్త ఎత్తులో, జానెడు దూరంలో పట్టుకుని, చూపు దాని మీదే నిలపమనేవాడు. రెప్పలు అలసి వాలిపోయేవి. హిప్నాటిజం అన్న పేరు స్థిరపడింది ఆయన వల్లే. అదే కాలంలో మన దేశంలో, హుగ్లీలో, జేమ్స్ ఎస్డేల్ అనే ఈస్టిండియా కంపెనీ వైద్యుడు ఉండేవాడు. మెస్మరిజం గురించి చదవడమే తప్ప ఎవరైనా చేస్తుండగా చూసి ఎరగడు. 1845 ఏప్రిల్‌లో నొప్పితో విలవిలలాడుతున్న ఒక ఖైదీ మీద తొలిసారి ప్రయత్నించాడు. మత్తుమందులు ఇంకా వాడుకలోకి రాని రోజులవి. ఆ తర్వాత ఈ పద్ధతిలో వందలాది శస్త్రచికిత్సలు చేశాడు. గంటల తరబడి రోగి పక్కన ఉండి ఆ స్థితిలోకి తీసుకెళ్లే పని మాత్రం ఆయన కింద పనిచేసే భారతీయ సహాయకులదే. ఓపికే ఈ పనికి పెట్టుబడని వారి శ్రమ చెబుతుంది.

పెద్ద పేరున్నవారూ ఇక్కడ తడబడ్డారు. 1886లో వియన్నాలో ప్రాక్టీసు పెట్టిన సిగ్మండ్ ఫ్రాయిడ్ మరుసటి ఏడాది నుంచి హిప్నాసిస్ వాడాడు. అందరినీ లోతుకు తీసుకెళ్లలేకపోయాడు. నైపుణ్యం పెంచుకోవడానికి 1889లో ఫ్రాన్సులోని నాన్సీకి, హిప్నాసిస్‌లో ఆరితేరిన వైద్యుడు బెర్న్‌హైమ్ దగ్గరికి వెళ్లాడు. తన రోగి ఒకరిని అక్కడికి రప్పించాడు. బెర్న్‌హైమ్ వల్లా కాలేదు. తనకు గొప్ప ఫలితాలు వచ్చింది ఆసుపత్రి రోగులతోనే తప్ప ప్రైవేటు రోగులతో కాదని ఆ గురువు దాచకుండా చెప్పాడు. ఫ్రాయిడ్ తర్వాత ఈ దారి వదిలేసి మనోవిశ్లేషణ వైపు మళ్లాడు.

ఆ తడబాటుకు ఒక కారణం ఇప్పుడు తెలుసు. 1959లో మనస్తత్వవేత్తలు వైట్జెన్‌హోఫర్, హిల్గార్డ్ రూపొందించిన స్టాన్‌ఫర్డ్ కొలమానంతో పరీక్షిస్తే, సూచనలకు స్పందించే గుణం మనిషికీ మనిషికీ వేరని తేలింది. చాలా లోతుకు వెళ్లేవారు కొద్దిమంది, దాదాపు స్పందించనివారూ కొద్దిమందే. మిగతావారంతా మధ్యస్థంగా ఉంటారు. కాబట్టి ఒకరి కళ్లు బరువెక్కకపోతే అది చికిత్సకుడి చేతగానితనమూ కాదు, వచ్చినవారి మొండితనమూ కాదు.

ఇది తెలిసిన చికిత్సకుడు తొలి సమావేశంలో ఎక్కువసేపు వింటాడు. సమస్య ఏమిటి, ఎప్పుడు పెరుగుతుంది, డాక్టరుకు చూపించారా, ఏ మందులు వాడుతున్నారు అని ఆరా తీస్తాడు. ఇది నిద్ర కాదని, మాటలు వినిపిస్తూనే ఉంటాయని, ఇష్టం లేకపోతే ఎప్పుడైనా కళ్లు తెరవవచ్చని చెబుతాడు. ఆ తర్వాతే ఊపిరి మీద ధ్యాస, పాదాల నుంచి తల దాకా ఒక్కో భాగాన్నీ వదులు చేయడం, అంకెలు లెక్కపెడుతూ లోతుకు వెళ్లడం వస్తాయి. ఎదుటివారు ఊపిరి వదిలే క్షణానికి మాటను జతచేస్తే ఆ మాట మరింత మెత్తగా దిగుతుంది. రాసుకొచ్చిన పాఠం అప్పజెప్పితే ఆ జత కుదరదు. పొలం పనిచేసే మనిషికి సముద్రతీరం వర్ణించి లాభమేముంది? ఆయనకు నెమ్మది ఎక్కడ దొరుకుతుందో అడిగి తెలుసుకుంటే, చేనుగట్టు మీది చెట్టు నీడ అని ఆయనే చెబుతాడు. ఇక సూచన కూడా ఆయన కోరికలోంచే పుట్టాలి. చివర్లో అంకెలు వెనక్కి లెక్కపెట్టి, చెప్పిన బరువూ మత్తూ అన్నీ తీసేసి, పూర్తి మెలకువలోకి తీసుకురావడం తప్పనిసరి. కొత్తవారు తొందరలో కుదించేది ఎక్కువగా ఈ భాగాన్నే.

ఇంతకన్నా కష్టమైనది వద్దనడం. కడుపునొప్పికి కారణం తెలియకుండా నొప్పి తగ్గించకూడదు. భ్రమలు, మతిభ్రమణం ఉన్నవారిని మానసిక వైద్యుడి దగ్గరికే పంపాలి. మరచిపోయిన జ్ఞాపకాలు తవ్వితీయమని, పూర్వజన్మ చూపించమని అడిగేవారు మన నగరాల్లో ఎందరో. ఈ స్థితిలో మనసు కల్పననూ జ్ఞాపకంలా, గట్టి నమ్మకంతో చెబుతుంది. అలా పుట్టిన అబద్ధపు జ్ఞాపకాలు పశ్చిమ దేశాల్లో కుటుంబాలను చీల్చాయి. 2003లో మన కేంద్ర ఆరోగ్యశాఖ హిప్నోథెరపీని చికిత్సా పద్ధతిగా ఒప్పుకుంటూనే, తగిన శిక్షణ పొందినవారే చేయాలంది. వారాంతపు సర్టిఫికెట్టు ఆ శిక్షణకు సాటిరాదు. గది అద్దె, ఖాళీ కుర్చీ కలిసి భయపెడుతున్నప్పుడు వచ్చిన మనిషిని వేరొకరి దగ్గరికి పంపడానికి గుండె నిబ్బరం కావాలి. వృత్తికి పరువు అక్కడే మొదలవుతుంది.

ఈ శ్రమకు ఫలం ఉందా? ఉంది. 1984లో మాంచెస్టర్‌లో పీటర్ వోర్వెల్ బృందం మందులకు లొంగని పేగు సమస్య, ఐబీఎస్‌తో బాధపడుతున్న 30 మందిపై జరిపిన అధ్యయనంలో హిప్నోథెరపీ మంచి ఫలితాలిచ్చింది. ఇప్పుడు బ్రిటన్ వైద్య మార్గదర్శకాల్లోనూ దానికి చోటుంది. బెల్జియంలోని లీజ్ ఆసుపత్రిలో 1992 నుంచి థైరాయిడ్ వంటి శస్త్రచికిత్సలను హిప్నాసిస్, స్థానిక మత్తు, స్వల్ప మోతాదు మందులు కలిపి చేస్తున్నారు. మన తెలుగు నేల మీద డాక్టర్ బి.వి. పట్టాభిరామ్ ఇంద్రజాలికుడిగా జనానికి దగ్గరై, తర్వాత కౌన్సెలింగ్‌లోనూ హిప్నోథెరపీలోనూ ఏళ్ల తరబడి పనిచేశారు. స్టేజీ మీది అబ్బురం నుంచి చికిత్స గదిలోని నెమ్మదికి దారి ఉందని ఆయన జీవితం చూపింది.

ఈత నేర్పేవాడు నీళ్లలో పక్కన ఉంటాడు, చెయ్యి ఆసరా ఇస్తాడు. తేలేది మాత్రం నేర్చుకునేవాడే. హిప్నోథెరపిస్టు కూడా అంతే. అందుకే మంచి చికిత్సకుడు మొదటి కొద్ది సమావేశాల్లోనే స్వీయ హిప్నాసిస్ నేర్పుతాడు, ఇంట్లో రోజూ సాధన చేయిస్తాడు. మళ్లీ మళ్లీ రప్పించుకుంటే ఆదాయం పెరుగుతుందని తెలిసీ ఆ పని చేస్తాడు. కొత్తగా మొదలుపెట్టినవారు తమ ఎదుగుదలను ఎంతమందిని నిద్రపుచ్చామన్న లెక్కతో కొలవకూడదు. ఎంతమందికి తమతో ఇక అవసరం లేకుండా చేయగలిగామన్నదే సరైన కొలత.